ఉపాధ్యాయుని యోగ్యత: సాధారణ విద్యలోను, ప్రత్యేక విద్యలోను చరిత్ర నేర్పే పాఠము

మన డయాసిస్ శతవార్షికోత్సవము జరుపుకొంటున్నది. ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయమని పెద్దలు కోరినప్పుడు మేము కొంత ఆలోచించాము. దేవాలయముల నిర్మాణము గురించి, బిషప్పుల సేవ గురించి, ఆసుపత్రుల గురించి వ్రాయగలవారు మనలో చాలమంది ఉన్నారు. అందుచేత శిలాఫలకముల మీద పేర్లు కనబడని ఒక వర్గమును గురించి వ్రాయ సంకల్పించాము. వారే మన బడి పంతుళ్లు, పంతులమ్మలు.

అయితే వారిని పొగడుట మాత్రమే మా ఉద్దేశము కాదు. పిల్లలకు చదువు చెప్పుటకు ఎవరు తగినవారు? ఆ యోగ్యతను ఎవరు నిర్ణయించాలి? చూపు, వినికిడి, బుద్ధి వికాసములలో లోపముతో పుట్టిన బిడ్డకు చదువు చెప్పవలసినవాడు వేరే యోగ్యత కలవాడా, లేక మన పంతులుగారేనా? ఈ ప్రశ్నలకు రెండు వందల యేండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో క్రైస్తవ సంఘమునకు పెద్ద భాగమున్నది. అందులో మెప్పు ఉన్నది, తప్పు కూడ ఉన్నది.

బైబిలు వెలుగులో

సదుద్దేశము ఉంటే చాలు, ఎవరైనా బోధింపవచ్చునని మనలో కొందరు అనుకొంటారు. యాకోబు తన పత్రిక మూడవ అధ్యాయములో అలా తలంచలేదు. బోధకులు కాగోరువారు మరి కఠినమైన తీర్పునకు లోబడవలసి ఉంటుందని ఆయన హెచ్చరించాడు. ఉపాధ్యాయులకు ప్రమాణములుండాలన్న మాట ప్రభుత్వ కార్యాలయములలో పుట్టినది కాదు. అది అపొస్తలుల కాలము నాటిది.

మార్కు సువార్త ఏడవ అధ్యాయములో మరియొక సంగతి ఉన్నది. చెవుడు, నత్తి గల ఒకనిని మన ప్రభువు నొద్దకు తీసికొని వచ్చారు. ప్రభువు అతనిని జనసమూహములో నుండి ఏకాంతముగా తీసికొని పోయాడు. అతని చెవులలో వ్రేళ్లు పెట్టాడు, నాలుక ముట్టాడు, ఆకాశము వైపు కన్నులెత్తాడు. ఇతరులను మాటతోనే స్వస్థపరచిన ప్రభువు ఇతని విషయములో ఇన్ని సైగలు ఎందుకు చేసినట్లు? వినలేనివాడు గనుక అతనికి తెలిసే భాషలో ముందుగా మాట్లాడాడని మేము గ్రహించాము. వినలేని బిడ్డకు బోధించు ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి మాదిరి లేదు.

ఇసుకలో అక్షరములు, ఎగ్మూరులో ప్రయోగము

సంఘ చరిత్రలో చదువు చెప్పే పద్ధతిని ఒక శాస్త్రముగా ఆలోచించినవారిలో మొదట చెప్పుకోదగినవాడు మొరేవియా సహోదరుల సంఘ బిషప్పు కొమేనియస్. 1592లో పుట్టి 1670లో మరణించిన ఆయన, పిల్లలందరికీ చదువు చెప్పాలని వాదించాడు. బుద్ధి మందగించిన బిడ్డకు చదువు అనవసరమన్న వారితో ఆయన ఏకీభవించలేదు. అట్టి బిడ్డకే సహాయము మరి ఎక్కువ కావాలన్నాడు. బొమ్మలతో పాఠము చెప్పే ఆయన పుస్తకము 1658లో అచ్చయినది.

మన దేశములో మరొక ప్రయోగము జరిగినది. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు గురువుగారు 1789లో మద్రాసు ఎగ్మూరులోని మగ అనాథ పిల్లల ఆశ్రమమునకు అధికారి అయ్యారు. అక్కడి ఉపాధ్యాయులు ఆయన చెప్పినట్లు నడుచుకోలేదు. ఒకనాడు స్థానిక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట ఆయన చూశారు. మన తాతలు వీధి అరుగుల మీద ఓనమాలు దిద్దిన పద్ధతియే అది. ఆ పద్ధతిని ఆయన ఆశ్రమములో ప్రవేశపెట్టి, పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చదువు చెప్పించారు. 1797లో ఆయన లండనులో ప్రచురించిన పుస్తకముతో అది మద్రాసు పద్ధతి అని ప్రసిద్ధి పొంది ఇంగ్లండు అంతటా వ్యాపించినది.

ఒక్క పంతులుతో వందలమంది పిల్లలకు అక్షరములు నేర్పుటకు అది చవకైన మార్గము. కాని ఎనిమిదేండ్ల బాలుడు మరొక బాలునికి తనకు తెలిసినంతే అప్పజెప్పగలడు. అతనికి ఎందుకు అర్థము కాలేదో కనుగొనలేడు. ఆ లోటు గ్రహించిన తరువాతనే ఉపాధ్యాయుడు కాబోవువాడు ముందుగా తానే శిక్షణ పొందాలన్న భావము బలపడినది.

నార్మల్ స్కూళ్లు, గ్రాంటులు, ఇన్‌స్పెక్టర్లు

మన తెలుగు సీమలో 1842లో లూథరన్ మిషనెరీ హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చారు. 1843లో సి.ఎం.ఎస్. మిషనెరీ రాబర్ట్ నోబుల్ దొరగారు మచిలీపట్నములో పాఠశాల తెరిచారు. ఆ కాలములో ఉపాధ్యాయునికి ఇంత చదువు ఉండాలని గాని, ఇట్టి శిక్షణ పొందాలని గాని నియమము లేదు. మిషనెరీ నమ్మిన మనిషియే పంతులు.

1854లో చార్లెస్ వుడ్ పంపిన విద్యా ఉత్తరువు ఈ పరిస్థితిని మార్చినది. ప్రైవేటు పాఠశాలలకు ప్రభుత్వ గ్రాంటు ఇవ్వాలని, ఉపాధ్యాయుల శిక్షణ కొరకు నార్మల్ స్కూళ్లు తెరవాలని, శిక్షణ పొందువారికి భత్యము ఇవ్వాలని అందులో ఉన్నది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు ఏర్పడినది. సైదాపేట టీచర్స్ కాలేజీ దాని నుండి పెరిగినదే. తరువాత రాజమండ్రిలో కూడ ట్రైనింగ్ కాలేజీ వచ్చి తెలుగు ఉపాధ్యాయులకు చేరువైనది.

గ్రాంటుతో పాటు ఇన్‌స్పెక్టరు కూడ వచ్చాడు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధములో మద్రాసు రాజధానిలో ఫలితములను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి నడిచినది. ఇన్‌స్పెక్టరు దొర ఎదుట పిల్లవాడు చదివితే, వ్రాస్తే, లెక్క చేస్తే గ్రాంటు వచ్చేది. తప్పితే తగ్గేది. మనస్సు పెట్టి పని చేయని బడులను ఈ పద్ధతి కదిలించినదనుట నిజమే. కాని మెల్లగా నేర్చుకొనే బిడ్డ ఆ లెక్కలో నష్టము క్రిందనే కనబడుతాడు గదా! ఉపాధ్యాయుని యోగ్యతను పిల్లల మార్కులతోనే కొలిస్తే, కష్టమైన బిడ్డను దూరముగా పెట్టుటే లాభమవుతుంది. ఈనాటి మన ఇంగ్లీషు మీడియము స్కూళ్ల యాజమాన్యములు ఈ పాత పాఠమును ఒకసారి మననము చేసికొనుట మంచిది.

పల్లె పంతులు

1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిన దోర్నకల్ బిషప్పు అజరయ్యగారి కాలమును తలంచుకొందము. సామూహికముగా క్రీస్తును అంగీకరించిన మాల, మాదిగ పల్లెలకు సంఘము పంపినది ముఖ్యముగా పల్లె పంతులునే. అతడే ఉపదేశకుడు, అతడే బడి పంతులు, అర్జీలు వ్రాసేవాడూ అతడే. పగలు కూలికి పోయేవారికి రాత్రిబడి నడిపేవాడు. చాలచోట్ల అతని భార్య ఆడపిల్లలకు చదువు, కుట్టుపని నేర్పేది. ఊరి బడిలో అడుగు పెట్టనివ్వని బిడ్డలకు పలక చేతికిచ్చినవాడు అతడు. మనలో ఎందరి తాతలు మొదటి అక్షరము అతని దగ్గర దిద్దారో చెప్పనక్కరలేదు.

అతనికి భక్తి ఉన్నది. కాని శిక్షణ మాట ఏమి? ఈ ప్రశ్నను మిషన్లే వేసికొన్నాయి. 1919-20లో ఎ.జి. ఫ్రేజర్ దొరగారి అధ్యక్షతన ఒక విచారణ సంఘము దేశములోని పల్లె విద్యను పరిశీలించి నివేదిక ఇచ్చినది. పల్లెబడి పల్లె జీవితమునకు దగ్గరగా ఉండాలని, పల్లె ఉపాధ్యాయునికి తగిన శిక్షణ కావాలని అది నొక్కి చెప్పినది. పంజాబులోని మోగా అనే ఊరిలో ప్రెస్బిటేరియన్ మిషనెరీ మెకీ దొరగారు పల్లె ఉపాధ్యాయుల కొరకు నడిపిన శిక్షణ పాఠశాల ఆ దినములలో ఎంతో పేరు పొందినది. ఇల్లు కట్టుట, తోట వేయుట, అంగడి నడుపుట వంటి పనుల ద్వారా లెక్కలు, చదువు నేర్పే పద్ధతి అక్కడిది.

భక్తి ఉన్నది గనుక శిక్షణ అక్కరలేదని మన పితరులు అనలేదు. ఈ సంగతిని మనము మరువకూడదు.

వినలేనివారికి, చూడలేనివారికి

ఇక రెండవ పాయ తీసికొందము. సుమారు 1760లో పారిస్ నగరములో ఎపే అనే రోమను కాథలిక్కు గురువు ఒక ఇంటికి వెళ్లగా అక్కడ ఇద్దరు అక్కచెల్లెండ్రు ఆయన మాటకు బదులు పలుకలేదు. వారు వినలేరని తరువాత తెలిసినది. అంతకుముందు వారికి బొమ్మలతో మతబోధ చేసిన గురువు చనిపోయినందున వారికి చెప్పేవారే లేకపోయారు. పౌలు రోమా పత్రికలో వినికిడికి, విశ్వాసమునకు ఉన్న సంబంధమును గురించి చెప్పిన మాటను అపార్థము చేసికొని, వినలేనివారికి విశ్వాసము కలుగదని తలంచినవారు ఆ కాలపు ఐరోపాలో ఉండిరి. ఎపే గురువు ఆ తలంపును ఒప్పుకోలేదు. ఆ పిల్లల చేతి సైగలనే మొదట తాను నేర్చుకొన్నాడు. ఉచిత పాఠశాల నడిపాడు. తన పద్ధతిని ఎవరు వచ్చి అడిగినా దాచకుండ నేర్పాడు.

దాచకుండ నేర్పాడన్న మాటలో పెద్ద విశేషమున్నది. 1815లో అమెరికా నుండి థామస్ గాలడెట్ అనే యౌవనస్థుడైన పాస్టరు ఈ విద్య నేర్చుకొనుటకు ముందు బ్రిటనుకు వెళ్లాడు. అక్కడ ఈ విద్య బ్రెయిడ్‌వుడ్ అనే కుటుంబపు గుత్తగా ఉన్నది. వారు దానిని కుటుంబ రహస్యముగా కాపాడుకొంటూ కఠినమైన షరతులు పెట్టారు. పారిస్ పాఠశాల మాత్రము తలుపులు తెరిచినది. అక్కడ వినలేని ఉపాధ్యాయుడైన లారెంట్ క్లెర్క్‌ను వెంటబెట్టుకొని గాలడెట్ తిరిగి వెళ్లి 1817లో హార్ట్‌ఫర్డ్ పట్టణములో పాఠశాల స్థాపించాడు. చదువు చెప్పే నేర్పు ఒక కుటుంబము గుప్పిటలో ఉండే సొత్తా, లేక అందరికి నేర్పదగిన, అందరు పరీక్షింపదగిన వృత్తియా? ఉపాధ్యాయ ప్రమాణములు అనే మాటకు అసలు అర్థము ఈ రెండవదే.

ప్రమాణములు నిర్ణయించేవారు కూడ పొరబడవచ్చును. 1880లో ఇటలీలోని మిలాను నగరములో బధిర విద్యను గురించి ఒక మహాసభ జరిగినది. సైగల భాషను విడిచి పెదవుల కదలికను చూచి మాట గ్రహించుట, నోటితో పలుకుట మాత్రమే నేర్పాలని అక్కడ తీర్మానించారు. సుమారు 164 మంది ప్రతినిధులలో వినలేనివాడు ఒక్కడే. ఆ తీర్మానము ఫలితముగా అనేక దేశములలో వినలేని ఉపాధ్యాయులు ఉద్యోగములు పోగొట్టుకొన్నారు. పిల్లల చేతులు కట్టివేసినట్లయినది. 130 యేండ్ల తరువాత 2010లో కెనడాలోని వాంకూవరులో జరిగిన అదే పరంపరలోని మహాసభ ఆ తీర్మానములను నిరాకరించి విచారము వెలిబుచ్చినది. ఎవరి బిడ్డల కొరకు ప్రమాణములు వ్రాస్తున్నామో వారిని అడుగకుండ వ్రాయరాదని ఈ సంఘటన బోధిస్తున్నది.

మన దేశములో చూడలేనివారి కొరకు మొదటి పాఠశాలను 1887లో అమృతసరములో మిషనెరీ దొరసాని ఆనీ షార్ప్ ప్రారంభించారు. తరువాత అది డెహ్రాడూన్ దగ్గర రాజపూరుకు మారినది. దక్షిణమున పాళయంకోటలో 1890లో ఆస్క్విత్ దొరసాని చూడలేనివారి కొరకు పని మొదలుపెట్టారు. అదే ఊరిలో ఫ్లారెన్స్ స్వెయిన్సన్ దొరసాని వినలేని పిల్లలకు బడి నడిపారు. ప్రభుత్వము ఇంకను ఈ బిడ్డల లెక్క కూడ వ్రాయని దినములలో సంఘము వారి చేయి పట్టుకొన్నది. ఇది మనము దేవుని స్తుతింపదగిన సంగతి.

అదే 1887లో అమెరికాలో ఆన్ సలివాన్ అనే ఇరువది యేండ్ల యువతి, చూపు, వినికిడి రెండును లేని హెలెన్ కెల్లర్ ఇంటికి చేరినది. ఆ కథ మనము సండే స్కూలులో చాలసార్లు చెప్పుకొన్నాము. ప్రేమ, ఓర్పు జయించాయని చెప్పి ముగిస్తాము. కాని సలివాన్ స్వయముగా చూపు మందగించినది. పెర్కిన్స్ అంధ పాఠశాలలో చదువుకొన్నది. బయలుదేరక ముందు, లారా బ్రిడ్జ్‌మన్ అనే మరొక బాలికకు డాక్టరు హౌ ఎలా నేర్పాడో తెలిపే నివేదికలను కొన్ని నెలల పాటు చదివి సిద్ధపడినది. ఈ భాగము మనము చెప్పము. ప్రేమ చూపిన అద్భుతమని మనము పిలిచేదానిలో సగము శ్రద్ధగా చేసిన అధ్యయనము. 1955లో హెలెన్ కెల్లర్ మన దేశమునకు వచ్చినప్పుడు, భారతీయ భాషలన్నిటికీ ఒకే క్రమములో రూపొందించిన భారతి బ్రెయిలీ అప్పటికే 1951 నుండి అమలులో ఉన్నది. అంతకుముందు దేశములో అనేక రకముల చుక్కల లిపులు ఉండి, ఒక బడిలో నేర్చినవాడు మరొక బడి పుస్తకము చదువలేని స్థితి ఉండేది. ఒకే ప్రమాణము ఉండుట వలన కలిగే మేలునకు ఇంతకంటె తేటయైన ఉదాహరణ లేదు.

రెండు రిజిస్టర్లు

స్వతంత్ర భారతములో ఈ రెండు పాయలు రెండు కాలువలుగా సాగాయి. 1964-66 నాటి కొఠారి కమీషను, వికలాంగులైన పిల్లలను సాధ్యమైనంతవరకు సాధారణ పాఠశాలలలోనే చదివించాలని చెప్పినది. 1974లో అందుకొక కేంద్ర పథకము వచ్చినది. 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థను మన సికింద్రాబాదులోని బోయినపల్లిలో స్థాపించి, ఆ ప్రాంతమునకు మనోవికాసనగర్ అని పేరు పెట్టారు. ఆ సంస్థను ఇప్పుడు మేధోపరమైన వైకల్యము గలవారి సాధికారత జాతీయ సంస్థ అని పిలుస్తున్నారు. ప్రత్యేక ఉపాధ్యాయుల శిక్షణలో అది తెలుగువారి ముంగిట ఉన్న విద్యాలయము.

ఆ తరువాత రెండు చట్టములు వచ్చాయి. 1992లో భారత పునరావాస మండలి చట్టము చేశారు. 1993 జూన్ 22 నుండి ఆ మండలి చట్టబద్ధముగా పనిచేస్తున్నది. ప్రత్యేక విద్యలో డిప్లొమా లేక బి.ఇడి. పొందినవారు ఆ మండలి కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. నమోదు లేకుండ ఆ వృత్తి చేయుట శిక్షార్హము. 1993లోనే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి చట్టము చేశారు. ఆ మండలి 1995 ఆగస్టు 17న చట్టబద్ధముగా ఏర్పడి సాధారణ ఉపాధ్యాయుల శిక్షణకు ప్రమాణములు నిర్ణయిస్తున్నది. 2010 ఆగస్టులో ఈ మండలియే టెట్ పరీక్షను కనీస అర్హతలలో చేర్చినది. దాని 2014 నిబంధనలతో బి.ఇడి. రెండేండ్ల కోర్సు అయినది. సహిత విద్యను గురించి ఒక పాఠ్యభాగమును అందరు చదువవలసినదిగా చేర్చారు.

రెండు మండలులు, రెండు రిజిస్టర్లు, రెండు రకముల ఉపాధ్యాయులు. ఈ ఏర్పాటు వలన కలిగిన మేలును మేము తక్కువ చేయము. బ్రెయిలీ తెలియనివాడు అంధ బాలునికి ఉపాధ్యాయుడనని చెప్పుకొనుటకు వీలులేకుండ చేసినది ఈ రిజిస్టరే. కాని దీనిలో ఒక ప్రమాదము దాగియున్నది. సాధారణ ఉపాధ్యాయుడు ఆ బిడ్డ వైపు చూచి, ఈ పిల్లవాడు నా రిజిస్టరులోని వాడు కాడని చెప్పుటకు ఒక సాకు దొరికినది.

న్యాయస్థానములు, చట్టములు ఆ సాకును తొలగింప చూస్తున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించినది. ప్రభుత్వ నిధులు గాని, గుర్తింపు గాని పొందిన విద్యాసంస్థలన్నిటిలో సహిత విద్య ఉండేటట్లు చూడాలని చెప్పినది. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు, ప్రత్యేక అవసరములు గల పిల్లలు ప్రాథమిక తరగతులలో 10 మందికి ఒకరు, ఆ పై తరగతులలో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని చెప్పినది. 2025 మార్చిలో అదే వ్యాజ్యములో, అట్టి పోస్టులను ప్రకటించి శాశ్వతముగా నింపాలని రాష్ట్రములను ఆదేశించినది. మన రెండు తెలుగు రాష్ట్రములలోను మండలములలో భవిత కేంద్రములు, సహిత విద్య రిసోర్స్ టీచర్లు ఉన్నారు. కాని ఒక్క టీచరు ఎన్ని ఊళ్లు తిరుగగలరు? వారమునకు ఒకసారి వచ్చే ఆమె కంటె ప్రతిదినము తరగతిలో ఉండే పంతులమ్మ చేతిలోనే ఆ బిడ్డ చదువు ఉన్నది.

మైనారిటీ పాఠశాలల విషయములో మరియొక సంగతి ఉన్నది. 2009 నాటి ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014 మేలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది. 2025 సెప్టెంబరు 1న మరొక ధర్మాసనము ఆ తీర్పును సందేహించి, విస్తృత ధర్మాసనము పరిశీలించుట మంచిదని ప్రధాన న్యాయమూర్తికి నివేదించినది. మైనారిటీ బడుల టీచర్లకు టెట్ తప్పనిసరియా కాదా అన్నదానిని కూడ దానితోనే ముడిపెట్టినది. మన సంస్థల స్వేచ్ఛను కాపాడుకొనుట అవసరమే. రాజ్యాంగము మనకిచ్చిన హక్కు అది. కాని చట్టము మినహాయించినంత మాత్రమున మన పిల్లలకు శిక్షణ లేని ఉపాధ్యాయుడు చాలునా? మినహాయింపు కొరకు కోర్టుకు వెళ్లే సంఘము, శిక్షణ కొరకు ఎక్కడికి వెళ్లుచున్నది? ఈ ప్రశ్నను మేము మొదట మమ్ములనే అడుగుకొన్నాము.

మా తప్పు

ఎందుకనగా ఈ విషయములో మేము నిర్దోషులము కాము. సుమారు పదిహేనేండ్ల క్రితము మేము సేవ చేసిన ఒక పాస్టరేటులో సంఘ పాఠశాలకు కరస్పాండెంటు బాధ్యత కూడ మా మీదనే ఉండెను. ఒక సోమవారము ఉదయము కూలిపని చేసికొనే ఒక తల్లి ఏడేండ్ల కూతురును వెంటబెట్టుకొని వచ్చినది. ఆ బిడ్డకు వినికిడి చాల తక్కువ.

"అయ్యగారూ, అది వినకపోయినా చూసి నేర్చుకుంటుందండి. వెనక బెంచీలో కూర్చోనివ్వండి చాలు" అని ఆమె బతిమాలుకొన్నది.

ప్రధానోపాధ్యాయులు మా వైపు చూచారు. "అమ్మా, ఇట్టి పిల్లలకు చెప్పే టీచరు మా దగ్గర లేరు. పట్టణములో ప్రత్యేక పాఠశాల ఉన్నది, హాస్టలు కూడ ఉన్నది. అక్కడ చేర్పించు, మేము ఉత్తరము వ్రాసి ఇస్తాము" అని చెప్పాము. ఉత్తరము వ్రాసి ఇచ్చాము కూడ. మంచి సలహాయే చెప్పామని ఆ దినమున సంతోషించాము.

ఆ తల్లి పట్టణమునకు వెళ్లలేదు. ఒక్క కూతురును అంత దూరములో విడిచిపెట్టుటకు ఆమెకు మనస్సు రాలేదు. బిడ్డ మేకల వెంట తిరిగినది. ఎనిమిదేండ్ల తరువాత నిర్ధారణ తరగతికి పేర్లు వ్రాసికొనుచుండగా, వేరొక ఊరికి బదిలీ అయియున్న మాకు ఆ పాస్టరేటు పెద్ద ఒకరు ఫోను చేసి సలహా అడిగారు. "ఆ అమ్మాయి వచ్చిందయ్యగారూ, విశ్వాస ప్రమాణము అప్పజెప్పలేదు గదా, ఏం చేయమంటారు?" అన్నారు.

ఆమె అప్పజెప్పలేదు. మేము నేర్పలేదు. లోపము ఎవరిదో ఆ క్షణమున మాకు తేటపడినది. బిషప్పుగారు ఆమె తలమీద చేతులుంచి నిర్ధారణ ఇచ్చారని విన్నాము. అందుకు దేవునికి స్తోత్రము. కాని ఆ ఎనిమిదేండ్లు ఆమెకు ఎవరు తిరిగి ఇయ్యగలరు?

ఆ దినమున మా బడిలో ప్రత్యేక ఉపాధ్యాయురాలు లేదన్నది నిజమే. కాని ముఖము ఆ బిడ్డ వైపు త్రిప్పి నిదానముగా మాట్లాడుట, ముందు వరుసలో కూర్చుండబెట్టుట, చెప్పినదానిని నల్లబల్ల మీద వ్రాసి బొమ్మ గీయుట, ప్రక్కన ఒక తోడు పిల్లను ఉంచుట, వినికిడి పరీక్షకు పంపి యంత్రము ఇప్పించుట, ఇవి ఏ పంతులమ్మయైనా నేర్చుకోదగినవి. వీటికి రెండేండ్ల డిగ్రీ అక్కరలేదు. అయితే ఎవరో ఒకరు నేర్పాలి. మేము ఎవరినీ అడుగలేదు.

రాబోవు దినములు

2020 నాటి జాతీయ విద్యా విధానము ఉపాధ్యాయులకు జాతీయ వృత్తి ప్రమాణములు రూపొందించాలని చెప్పగా, జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ఆ మేరకు మార్గదర్శక పత్రము తయారుచేసినది. పత్రములు వస్తాయి, మారుతాయి. వాటిని మన బడి గదిలోనికి తెచ్చుట మన పని. రెండవ శతాబ్దములో అడుగుపెట్టుచున్న మన డయాసిస్ ఎదుట మూడు మనవులు ఉంచుచున్నాము.

మొదటిది, మన పాఠశాలలన్నిటిలో టీచర్ల నియామకము బంధుత్వమును బట్టి, సిఫారసును బట్టి కాక అర్హతను బట్టి జరగాలి. మన సభలలో ఈ మాట చేదుగా ఉంటుందని ఎరుగుదుము. కాని యోగ్యత లేని ఒక నియామకము ముప్పై యేండ్లపాటు పిల్లల మీద పడే భారము.

రెండవది, ప్రతి పాఠశాల నుండి కనీసము ఒక్క సాధారణ ఉపాధ్యాయుడైనా సహిత విద్యలో శిక్షణ పొందాలి. పెద్ద పాఠశాలలు పునరావాస మండలిలో నమోదైన ప్రత్యేక ఉపాధ్యాయుని నియమించి, చుట్టుప్రక్కల చిన్న బడులకు కూడ ఆయన సేవ అందేటట్లు చూడవచ్చును. దీనికి డయాసిస్ విద్యా నిధిలో కొంత భాగము ప్రత్యేకించుట అసాధ్యమేమీ కాదు.

మూడవది సండే స్కూలు సంగతి. ప్రభుత్వ మండలి గాని, ఇన్‌స్పెక్టరు గాని లేని బడి అది. అక్కడ ఎవరి బిడ్డను ఎవరు వెనుకకు పంపినా అడిగేవారు లేరు. సండే స్కూలు టీచర్ల వేసవి శిక్షణలో ఒక దినమును ఈ బిడ్డల కొరకు ఉంచాలి. ఆ దినమున వారి తల్లులను, పెద్దవారైన వికలాంగులనే పిలిచి వారి మాట వినాలి. మిలాను సభ చేయని పని అది.

శిలాఫలకముల మీద పేర్లు లేని మన పాత పంతుళ్లను స్మరించుకొందము. ఊరు వెలివేసిన బిడ్డలకు వారు పలక అందించారు. ఆ బిడ్డలకు తగిన టీచరు దొరికిన తరువాత రండని వారు చెప్పలేదు. తమకు తెలిసినంత నేర్పారు, తెలియనిది నేర్చుకొనుటకు ట్రైనింగ్ స్కూలుకు నడిచి వెళ్లారు. మన బడి గుమ్మము దగ్గర ఈనాడు నిలిచియున్న బిడ్డ విషయములో మనము కూడ అట్లే చేయునట్లు మహాబోధకుడైన మన ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమెన్.